ల్యాబ్‌లో కనబడని ఐదున్నర గంటలు

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చెప్పే అధ్యాపకులకు, ముఖ్యంగా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకు గైడ్‌లుగా ఉన్నవారికి,

నమస్కారం.

నేను అనంతపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతున్నాను. కొత్తగా రాసేది తక్కువ, రిపేరు ఎక్కువ. బడులు, నర్సింగ్ హోములు, పాల కేంద్రాలు, శెనక్కాయల మిల్లులు వాడే ప్రోగ్రాములు ఎవరో రాసి వదిలేస్తే మా దగ్గరికి వస్తాయి. రాసినవాళ్ళలో చాలామంది మీ శిష్యులే. తెలివైన పిల్లలు. స్క్రీన్లు చక్కగా చేస్తారు, రిపోర్టులు ముచ్చటగా ఉంటాయి. అయినా ఒక తప్పు మాత్రం ప్రోగ్రాము తర్వాత ప్రోగ్రాములో ఎదురవుతూనే ఉంది. తేదీ, సమయం రాసిన అక్షరాల వరుసను, అంటే డేట్ స్ట్రింగ్‌ను, ప్రోగ్రాము చదువుకునే చోట జరిగే తప్పు అది. మీరు తలుచుకుంటే ల్యాబ్‌లోనే ఆగిపోతుంది. అందుకే మీకు రాస్తున్నాను.

అది ఎట్లా కనిపిస్తుందో ముందు చెబుతాను. మన ప్రాంతపు డేటాబేసుల్లో 18:30 అనే సమయం ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. ఒక బడిలో పిల్లల పుట్టిన తేదీల కాలమ్ తెరిస్తే 2015-06-30టి18:30:00.000జెడ్ అని వరసబెట్టి ఉన్నాయి. (టి, జెడ్ అని రాసినచోట ఇంగ్లీషు పెద్దక్షరాలు అనుకోండి.) ఆ పిల్లలెవరూ సాయంత్రం ఆరున్నరకు పుట్టలేదు. జూన్ 30న అసలే పుట్టలేదు. ఫారంలో వాళ్ళ నాయనలు రాయించింది జూలై 1. పల్లెల్లో తేదీ సరిగా తెలియనప్పుడు జూలై 1 అని రాయించుకునే అలవాటు మీకు తెలిసిందే.

జరిగింది ఇది. క్యాలెండర్‌లో జూలై 1 నొక్కగానే బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాష దాన్ని ఆ కంప్యూటర్ ఉన్న చోటి అర్ధరాత్రి 12 గంటలుగా పెట్టుకుంది. సర్వర్‌కు పంపడానికి జేసన్‌గా, అంటే ప్రోగ్రాముల మధ్య సమాచారం పంపే రాత పద్ధతిలోకి, మార్చారు. జేసన్‌లో అంకెలున్నాయి, అక్షరాలున్నాయి గానీ తేదీ అనే రకమే లేదు. దాంతో తేదీ కాస్తా అక్షరాల వరుస అయింది, అదీ యూటీసీ లెక్కలో, అంటే ప్రపంచమంతా ఉమ్మడిగా వాడే గడియారం లెక్కలో. మన గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది కాబట్టి మన జూలై 1 అర్ధరాత్రి అక్కడ జూన్ 30 సాయంత్రం 6:30. అవతల సర్వర్ కోడ్ రాసినబ్బాయి ఆ వరుసలో మొదటి 10 అక్షరాలు కత్తిరించి ఫారంలో పుట్టిన తేదీ కింద చూపించేశాడు.

ఇంతటితో ఆగితే ఫరవాలేదు. ఫోన్ నంబరు మార్చడానికి ఎవరైనా ఆ పిల్ల రికార్డు తెరిచి సేవ్ చేస్తే జూన్ 30 అర్ధరాత్రి మళ్ళీ అదే దారిలో పోయి జూన్ 29 అవుతుంది. ఎన్నిసార్లు సేవ్ చేస్తే అన్ని రోజులు వెనక్కి. పదో తరగతి దాకా వచ్చేసరికి ఆధార్‌లో ఒక తేదీ, బడి రిజిస్టరులో ఒక తేదీ, స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఇంకో తేదీ. ఆ తల్లిదండ్రులు కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. తప్పు గుమాస్తాది అని తిట్టుకుంటారు పాపం.

దీనికి పిల్లలు కనిపెట్టిన మందు ఇంకా ప్రమాదం. ఐదున్నర గంటలు కలిపేస్తారు. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ 330 నిమిషాలు కలుపు, లేదా తీసెయ్. ఒకే ప్రోగ్రాములో బ్రౌజర్ వైపు ఒకసారి, సర్వర్ వైపు ఒకసారి, రిపోర్టు అచ్చేసే చోట ఇంకోసారి కలిపిన కోడ్ మా దగ్గరికి వచ్చింది. తేదీ సరిగ్గానే వచ్చేది, పొద్దున పూట మాత్రమే.

కలిపితే ఎందుకు కుదరదో రెండు ఉదాహరణలు చెబుతాను.

కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌లో మనిషి లేని వీధి దొరకడం కష్టం. కువైట్ సమయం యూటీసీకి 3 గంటలు ముందు, అంటే మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడున్న కొడుకు కడపలో ఉన్న అమ్మకు డాక్టరు దగ్గర ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ పెడతాడు. బ్రౌజర్‌లోని తేదీ, సమయం పెట్టె 2025-03-05టి10:00 అనే ఇస్తుంది. ఏ ఊరి 10 గంటలో అందులో ఉండదు. కోడ్ దాన్ని కొడుకు ఫోను సమయంగా, కువైట్ 10 గంటలుగా తీసుకుని 07:00జెడ్ అని పంపుతుంది. ఆసుపత్రి స్క్రీన్ మీద అది 12:30. ఆ అవ్వ 10 గంటలకు వచ్చి కూర్చుంటుంది, లిస్టులో పేరు మధ్యాహ్నం ఉంటుంది. ఇక్కడ ఐదున్నర కలిపితే ఏం లాభం? లేని ప్రశ్నకు జవాబు అది. కావాల్సింది ఆసుపత్రి గడియారంలో 10 గంటలు. ఫోన్ ఎక్కడుంది అన్నది ఆ ప్రోగ్రాముకు అనవసరం.

రెండోది వయసు మళ్ళినవాళ్ళది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశ గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు మన సమయం యూటీసీకి ఆరున్నర గంటలు ముందు. ఏషియా/కోల్‌కతా అనే టైమ్ జోన్ పేరు వెనక కంప్యూటర్లు చూసుకునే పట్టికలో ఈ చరిత్రంతా ఉంది. కర్నూలులో 1943 మే 10న పుట్టిన తాత తేదీని అర్ధరాత్రిగా మార్చి యూటీసీలో రాస్తే మే 9, 17:30 వస్తుంది, 18:30 కాదు. తిరిగి చూపేటప్పుడు గుడ్డిగా ఐదున్నర కలిపితే మే 9 రాత్రి 11 గంటలు. పెన్షన్ కాగితం మీద తాత ఒక రోజు ముందే పుట్టేశాడు. ఇట్లాంటిది ఒక్కటి దొరికినా చాలు, ఆ కోడ్ రాసినవాడు రోజంతా తల పట్టుకుంటాడు, ఎందుకంటే మిగతా వేల రికార్డులు బాగానే ఉంటాయి. అంతకు ముందు, 1906కు పూర్వం, మద్రాసు సమయమని వేరే ఉండేది. దాని జోలికి పోను.

నా ఉద్దేశంలో ఈ గొడవంతటికీ మూలం ఒకటే. పుట్టిన తేదీ ఒక క్షణం కాదు. అది క్యాలెండర్‌లో ఒక గడి. దానికి గంట లేదు, టైమ్ జోన్ లేదు. మీ పిల్లాడు అమెరికా వెళ్ళినంత మాత్రాన వాడి పుట్టినరోజు మారదు కదా. డబ్బు చెల్లించిన సమయం అట్లా కాదు, అది క్షణం. ప్రపంచమంతటికీ ఒకటే, ఏ ఊరి గడియారంలో చూపినా ఫరవాలేదు. రేపటి అపాయింట్‌మెంట్ మూడో రకం: ఒక ఊరి గడియారంలో ఒక సమయం. దానికి ఊరి టైమ్ జోన్ పేరు తోడుండాలి. ఈ మూడింటినీ మన పిల్లలు డేట్ అనే ఒకే రకంలో కుక్కేస్తున్నారు. కుక్కడానికి పాత భాషలూ తోడ్పడ్డాయి. జావాలో పాత డేట్ క్లాసు, జావాస్క్రిప్ట్‌లోని డేట్ రెండూ లోపల క్షణాలే, పేరు మాత్రం తేదీ.

జావా ఈ తప్పును 2014లో, 8వ వెర్షన్‌తో దిద్దుకుంది. లోకల్ డేట్ అంటే గడి, ఇన్‌స్టంట్ అంటే క్షణం, జోన్డ్ డేట్ టైమ్ అంటే ఊరి గడియారం. ఇన్నేళ్ళయినా చాలా ల్యాబ్ మాన్యువల్స్‌లో పాత సింపుల్ డేట్ ఫార్మాటే ఉంది. జావాస్క్రిప్ట్‌కు టెంపోరల్ అనే కొత్త ఏర్పాటు వస్తోంది, ఫైర్‌ఫాక్స్‌లో 2025లోనే వచ్చేసింది. అందులోనూ ఇదే విభజన.

ఇక ప్రమాణాల సంగతి. తేదీ, సమయం ఎట్లా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 8601 మొదట 1988లో వచ్చింది. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా దాన్ని ఐఎస్ 7900గా 2001లో తీసుకుంది. కాబట్టి సంవత్సరం, నెల, రోజు అనే వరస పరాయిదేమీ కాదు. అయితే వైవాలో అడిగితే పిల్లలు ఐఎస్‌వో ఫార్మాట్ అంటే ఒకే ఒక ఫార్మాట్ అన్నట్టు చెబుతారు. కాదు. 2025-03-05 అన్నా, సంవత్సరంలో 64వ రోజు కాబట్టి 2025-064 అన్నా, పదో వారం మూడో రోజు అని డబ్ల్యు అక్షరంతో రాసినా ఐఎస్‌వో ప్రకారం అన్నీ సరైనవే, అన్నీ ఆ బుధవారమే. ఇంత వెసులుబాటు ఉంటే రెండు ప్రోగ్రాముల మధ్య ఒప్పందం కుదరదు. అందుకే 2002లో ఇంటర్నెట్ కోసం ఆర్‌ఎఫ్‌సీ 3339 అనే నియమ పత్రం దాన్ని బిగించింది. సంవత్సరానికి 4 అంకెలు, నెలకు 2, రోజుకు 2, మధ్యలో టి, తర్వాత సమయం, చివర జెడ్ గానీ +05:30 లాంటి తేడా గానీ తప్పనిసరి. ప్రాజెక్టులో ఐఎస్‌వో వాడాం అని రాసిన పిల్లాణ్ణి, ఇందులో ఏది వాడావురా అని ఒక్క మాట అడగండి.

+05:30 అన్నది యూటీసీతో తేడా మాత్రమే, టైమ్ జోన్ కాదు అన్నది మనవాళ్ళకు తట్టదు. జోన్ అంటే ఒక ప్రాంతంలో ఆ తేడా ఎప్పుడెప్పుడు ఎంతో చెప్పే లెక్క. మన దేశంలో ఏడాదంతా ఒకటే తేడా కాబట్టి తట్టకపోవడం సహజం. డల్లాస్‌లో ఉన్న అక్కతో ప్రతి ఆదివారం వీడియో కాల్ పెట్టుకునే ఇంట్లో అడగండి, చలికాలం మైనస్ 6, వేసవిలో మైనస్ 5 అని వాళ్ళే చెబుతారు. తేడాతో పాటు జోన్ పేరు కూడా స్ట్రింగ్ చివర రాసుకునే పద్ధతిని 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9557 ఇచ్చింది. అన్నట్టు, క్రోమ్‌ను మన టైమ్ జోన్ ఏమిటని అడిగితే కోల్‌కతా అనకుండా పాత పేరు కలకత్తా అని చెప్పడం చాలామంది చూసే ఉంటారు. రెండు పేర్లనూ అక్షరాలుగా పోల్చి, సరిపోలలేదని లాగిన్ ఆపేసిన కోడ్ కూడా నేను చూశాను.

ప్రమాణం ఉన్నా చదివేవాడు తిన్నగా చదవాలి. జెడ్ అక్షరం దగ్గరే మనవాళ్ళు ఎక్కువ పడుతున్నారు. అది అలంకారం కాదు, ఇది యూటీసీ సమయం అని చెప్పే గుర్తు. జావాలో ఫార్మాట్ రాసేటప్పుడు ఆ జెడ్‌ను కోట్స్‌లో, అంటే కొటేషన్ గుర్తుల మధ్య, పెడితే ప్రోగ్రాము దాన్ని ఉత్త అక్షరంగా చూసి దాటిపోతుంది, మిగిలిన సమయాన్ని ఇక్కడి సమయం అనుకుంటుంది. ఎర్రర్ రాదు. ఐదున్నర గంటలు మాయం. ఆన్‌లైన్‌లో దొరికే ముక్కలన్నిటిలో ఆ కోట్స్ ఉన్నవే ఎక్కువ కనిపిస్తాయి, మన పిల్లలు వాటినే దించుతారు. పైథాన్ భాషలో ఇంకోరకం తంటా. ఫ్రమ్ ఐఎస్‌వో ఫార్మాట్ అనే ఫంక్షన్ 3.7 వెర్షన్‌లో వచ్చింది, జెడ్‌ను ఒప్పుకున్నది మాత్రం 2022లో వచ్చిన 3.11 నుంచే. పిల్లాడి ల్యాప్‌టాప్‌లో కొత్త పైథాన్, సర్వర్‌లో ఉబుంటు 22.04 అనే ఆపరేటింగ్ సిస్టంతో వచ్చిన 3.10. ఇక్కడ నడిచింది అక్కడ ఆగుతుంది. అప్పుడు ఏం చేస్తాడు? జెడ్‌ను చెరిపేస్తాడు. ఎర్రర్ పోతుంది, దానితో పాటు ఆ సమయం ఎక్కడిదో చెప్పే ఒకే ఒక్క ఆధారం కూడా పోతుంది.

ప్లస్ గుర్తు సంగతి కూడా చెప్పాలి. వెబ్ అడ్రసులో +05:30 ఉన్నది ఉన్నట్టు పంపితే అవతల ప్లస్ కాస్తా ఖాళీ అవుతుంది. దాన్ని ఎన్‌కోడ్ చేసి, అంటే అడ్రసులో చెల్లే గుర్తులుగా మార్చి, పంపాలి. దీనిమీద ఇంతకంటే చెప్పేదేమీ లేదు గానీ, తెలియనప్పుడు ఒక రాత్రి నిద్ర పాడవడం ఖాయం.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఊహించే పార్సర్లు, అంటే స్ట్రింగ్‌ను చదివి ఇది ఫలానా తేదీ అయ్యుంటుందని తేల్చేసే కోడ్. 05/03/2025 అంటే మనకు మార్చి 5. పైథాన్‌లో అందరూ వాడే డేట్‌యుటిల్ అనే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఏమీ చెప్పకపోతే దాన్ని అమెరికా పద్ధతిలో మే 3 అంటుంది. అదే 13/03/2025 ఇస్తే 13వ నెల లేదు కాబట్టి నోరు మూసుకుని మార్చి 13 అంటుంది. ఒకే కాలమ్‌లో నెల మొదటి 12 రోజులు ఒక లెక్క, 13 నుంచి ఇంకో లెక్క. పిల్లలు టెస్ట్ చేసేది ఆవేళ తేదీతో. ఆవేళ 20వ తేదీ అయితే అంతా సక్రమం. మిల్లు వాళ్ళ ఎక్సెల్ షీట్లు అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచినా ఇదే గతి, కొన్ని తేదీలవుతాయి, కొన్ని ఉత్త అక్షరాలుగా మిగులుతాయి. తెలియనప్పుడు తెలియదని ఆగిపోయే ప్రోగ్రామే మంచి ప్రోగ్రాము. ఈ విషయంలో నాది మొండి అభిప్రాయం. ఎర్రర్ చూపించినందుకు మార్కులు తగ్గించకండి, దయచేసి.

పాల కేంద్రం సంగతి చెప్పకుండా ఉండలేను. అద్దె సర్వర్లు సాధారణంగా యూటీసీలో నడుస్తాయి, ముంబైలో ఉన్నా సరే. ఈరోజు తేదీ ఎంత అని సర్వర్‌ను అడిగితే మన తెల్లవారుజాము ఐదున్నర దాకా నిన్నటి తేదీయే చెబుతుంది. పాలు పోసేవాళ్ళు ఐదు గంటలకే క్యాన్లతో వస్తారు. వాళ్ళ పొద్దుటి పాలు నిన్నటి ఖాతాలో, ఆలస్యంగా వచ్చినవాళ్ళ పాలు ఈరోజు ఖాతాలో పడ్డాయి. ముందు లేచినవాడికే లెక్క తప్పింది. ఆ ప్రోగ్రాము రాసిన కుర్రాణ్ణి పిలిపించి అడిగితే, "సార్, పంచాంగంలో కూడా సూర్యోదయంతోనే కదా రోజు మారేది" అన్నాడు. వాడి సమయస్ఫూర్తికి మెచ్చుకున్నాను, కోడ్ మాత్రం మార్పించాను.

ఇక మన అవ్వాతాతల్లో చాలామందికి పుట్టిన సంవత్సరమే తెలుసు. ఆధార్‌లో కూడా కొందరికి సంవత్సరం ఒక్కటే ఉంటుంది. మన ప్రోగ్రాములు పూర్తి తేదీ ఇస్తే తప్ప ముందుకు పోనివ్వవు, లేకపోతే 1952 అనే దాన్ని మౌనంగా 1952 జనవరి 1 చేసేస్తాయి. ఐఎస్‌వో 8601 ఉత్త సంవత్సరాన్ని ఒప్పుకుంటుంది. 2019లో వచ్చిన దాని రెండో భాగం సుమారుగా అని చెప్పే గుర్తును కూడా ఇచ్చింది. "కరువు ఏడాదిలో పుట్టినాను" అని చెప్పే మనిషి దగ్గర లేని రోజునూ నెలనూ మనం పుట్టించి, రెండేళ్ళ తర్వాత అది సరిపోలలేదని వాళ్ళనే వెనక్కి పంపడం ఏం న్యాయం?

మీరు అడగవచ్చు, ఇవన్నీ ప్రాజెక్టు డెమోలో ఎందుకు బయటపడవు అని. పడవు. మీ ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఒకే టైమ్ జోన్‌లో ఉంటాయి. బ్రౌజర్, సర్వర్, డేటాబేస్ మూడూ ఒకే ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. డెమో పగటి పూట జరుగుతుంది. తప్పు పుట్టడానికి కావలసిన మూడు పరిస్థితులూ అక్కడ ఉండవు.

అందుకని నేను కోరేది పెద్ద సిలబస్ మార్పు కాదు. దానికి యూనివర్సిటీ, బోర్డు, మీటింగులు, ఎన్నేళ్ళు పడుతుందో మీకే తెలుసు. మీ చేతిలో ఉన్నది చాలు. ప్రాజెక్టు రివ్యూలో, డేటాబేస్ పట్టికలో తేదీ అని రాసిన ప్రతి కాలమ్ పక్కనా అది గడా, క్షణమా, ఊరి సమయమా అని రాయమనండి. రాయలేకపోతే ఆ పిల్లాడికి తన ప్రాజెక్టే అర్థం కాలేదన్నమాట. డెమో రోజు సర్వర్‌ను యూటీసీలో పెట్టి, బ్రౌజర్ ఉన్న కంప్యూటర్‌ను కువైట్ సమయానికి మార్చి, మళ్ళీ నడిపించమనండి. ఒక్క నిమిషం పని. పుట్టిన తేదీ నింపి, సేవ్ చేసి, తిరిగి తెరిచి, మళ్ళీ సేవ్ చేయమనండి. ఒక ల్యాబ్ పూటంతా ఉత్త స్ట్రింగులే ఇవ్వండి: ఫిబ్రవరి 30, జెడ్ లేనిది, ప్లస్ ఖాళీ అయినది, సంవత్సరం ఒక్కటే ఉన్నది, 05/03. ఏది తీసుకోవాలి, ఏది తిప్పికొట్టాలి, ఎందుకు అని వాళ్ళచేతనే వాదించుకోనివ్వండి. అక్షరాలను ముక్కలు చేసే స్ప్లిట్‌తో, సబ్‌స్ట్రింగ్‌తో తేదీని కోసుకునే కోడ్ కనబడితే ఎర్ర సిరాతో కొట్టేయండి, అందుకోసమే లైబ్రరీలున్నాయి. వైవాలో మాత్రం ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: మన డేటాబేస్‌లో 18:30 కనబడితే దాని అర్థమేమిటి?

ఏఐతో కోడ్ రాయించుకుంటున్నారు కదా, ఇంకా ఇవన్నీ ఎందుకు అని ఒక సార్ నాతో అన్నారు. రాయించుకోనివ్వండి, మా ఆఫీసులో మేమూ రాయిస్తున్నాం. అడిగేవాడు పుట్టిన తేదీ కాలమ్‌ను టైమ్‌స్టాంప్ (అంటే క్షణం) అని చెబితే అది శ్రద్ధగా టైమ్‌స్టాంపే రాసిస్తుంది.

మా దగ్గర పోగైన ఇట్లాంటి స్ట్రింగులను, పేర్లూ నంబర్లూ తీసేసి, ఒక ఫైలుగా పెట్టాను. ఏ కాలేజీ వాళ్ళు అడిగినా ఇస్తాను. శనివారం మధ్యాహ్నాలు నాకు ఖాళీయే. పిలిస్తే కర్నూలుకైనా కడపకైనా వస్తాను. టీఏ, డీఏలు అక్కర్లేదు, ప్రొజెక్టర్ పనిచేస్తే చాలు. ల్యాబ్ కంప్యూటర్లలో టైమ్ జోన్ మార్చడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ముందే కనుక్కుని పెట్టండి, పోయినచోటల్లా అది ఎవరికీ తెలియడం లేదు.

ఇట్లు,
మీ పిల్లలతో కలిసి పనిచేసే ఒక ప్రోగ్రామర్,
అనంతపురం